చెంబూ, గోడా, సూదీ దారమూ

రోజూ కళ్ళెదుట ఉండే వస్తువు మనకి కనపడదు. భార్య పొద్దున కట్టుకున్న చీర రంగేమిటో ఆఫీసులో కూర్చున్న భర్తని అడిగి చూడండి, నీళ్ళు నములుతాడు. వంటింట్లో గిన్నెల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. చెయ్యి చాపితే అందుతాయి. అందుతాయి గనక కన్ను వాటిమీద నిలవదు. అదే గిన్నె కనపడకుండా పోయిన రోజున మాత్రం పనిమనిషిని పిలిచి, "వెడల్పు మూతిది, అంచు దగ్గర సొట్ట ఉంటుంది, అడుగు కాస్త నల్లబడింది" అని ఆనవాళ్ళన్నీ గడగడా అప్పచెబుతాం. అంటే చూడకపోలేదు, చూసినట్టు మనకే తెలీదన్నమాట.

ఈ చూడటాన్నే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళున్నారు. ఫోటోలు తీసేవాళ్ళు ఒకరు. వస్తువు రూపాన్ని గురించి ఆలోచించే డిజైనర్లు ఇంకొకరు. మూడోరకం వాళ్ళు వస్తువుల్నే తెచ్చి గదిలోనో ఆరుబయటో అమర్చి, "ఇదే నా బొమ్మ, చుట్టూ తిరిగి చూడండి" అంటారు. దాన్ని ఇన్‌స్టలేషన్ అంటున్నారు. పేరు విని బెదిరిపోనక్కర్లేదు. బొమ్మల కొలువుకి మెట్లు కట్టి, ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ పెట్టాలో గంటసేపు తర్జనభర్జన పడి, పేరంటాళ్ళు రాగానే పక్కకి తప్పుకుని వాళ్ళ మొహాలు చూసిన వాళ్ళకి ఆ విద్య ఇంకొకరు నేర్పాల్సిన పని లేదు.

ఈ కళాకారులకి స్ఫూర్తి ఎక్కణ్ణుంచి వస్తుందా అని ఆరా తీస్తే ఒక తమాషా బయటపడుతుంది. దారి తిరిగి తిరిగి చాలాసార్లు మన వంటింటి గుమ్మం దగ్గరికే వస్తుంది. చెంబు, పేడ, గోడమీది బొమ్మ, స్టీలు గిన్నె, సూదీ దారం, ఆఖరికి తలవెంట్రుకలు కూడా ప్రపంచంలో పేరుపడ్డ ప్రదర్శనశాలల దాకా వెళ్ళాయి. సంతోషించాల్సిన విషయమే. కాని సంతోషించేముందు ఒక ప్రశ్న వేసే హక్కు మనకుంది. వస్తువు వెళ్ళింది సరే, దాన్ని తోమిన చెయ్యి, మోసిన చెయ్యి, అలికిన చెయ్యి, కుట్టిన చెయ్యి కూడా దానితోబాటు లోపలికి వెళ్ళాయా? లేక చేతిని గుమ్మంలోనే ఆపేసి వస్తువునొక్కదాన్నే రానిచ్చారా? ఈ రకం కళ మంచిచెడ్డలు తూచడానికి నా మటుకు నాకు ఇంతకన్న మంచి తూకపురాయి కనపడలేదు.

* * *

ముందు చెంబు సంగతి చూద్దాం.

చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికాలో ఒక దంపతులుండేవారు. కుర్చీల డిజైనులో వాళ్ళది ప్రపంచంలోనే పెద్ద పేరు. మనకి స్వతంత్రం వచ్చి అప్పటికి పదేళ్ళయింది. ఫ్యాక్టరీలు లేస్తున్నాయి, చేత్తో చేసే సరుకు స్థానంలో మిషన్ సరుకు వస్తోంది. ఈ కొత్త సరుకు ఎలా ఉండాలి, అది నేర్పడానికి ఎలాంటి విద్యాలయం పెట్టాలి అని మన ప్రభుత్వం వాళ్ళని సలహా అడిగింది. ఖర్చు ఫోర్డ్ ఫౌండేషన్ పెట్టుకుంది. దంపతులిద్దరూ దేశమంతా తిరిగి 1958 ఏప్రిల్‌లో ఒక నివేదిక రాసిచ్చారు. అహ్మదాబాదులో 1961లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ పుట్టడానికి మూలం ఆ నివేదికే.

అమెరికా నుంచి వచ్చారు గదా, మా దేశంలో రిఫ్రిజిరేటర్లు ఇలా ఉంటాయి, మిక్సీలు ఇలా ఉంటాయి, మీరూ ఇలా చేసుకోండి అని ఉంటారనుకుంటాం. వాళ్ళు అలా అనలేదు. ఈ దేశంలో మేం చూసి మెచ్చుకున్న వస్తువులన్నిటిలోకీ గొప్పది, అందమైనది లోటా అన్నారు. లోటా అంటే ఇంకేమిటి, మన చెంబే!

మెచ్చుకుని ఊరుకోలేదు. ఇలాంటి చెంబుని ఇవాళ కొత్తగా తయారు చెయ్యాలంటే ఎన్ని సంగతులు ఆలోచించాలో వరసగా రాసుకుంటూ పోయారు. ఎన్ని నీళ్ళు పట్టాలి? మోసే చేతులు ఎవరివి, ఎంత బలమున్నవి? నెత్తిన పెట్టుకుంటారా, నడుం ఒంపులో ఇరికించుకుంటారా, చేత్తో పట్టుకుంటారా? నిండుగా ఉన్నప్పుడు తూగు ఎలా, ఖాళీ అయినప్పుడు ఎలా? వంచితే ధార ఎలా పడాలి? లోపల తోమడానికి చెయ్యి పడుతుందా? వేడివి పోస్తే కాలుతుందా? ఇంకో పాత్రకి తగిలితే ఎలా మోగుతుంది? కొనడానికి ఎంత, పాతబడ్డాక అమ్మితే ఎంత? కళ్ళు తెరిచి చూస్తే ఎలా ఉంటుంది, కళ్ళు మూసుకుని తాకితే ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్నలు చూస్తే మొదట నవ్వొస్తుంది. ఎంచేతంటే, ఇత్తడి సామాన్ల కొట్లో మన అమ్మమ్మలు చేసిన పని సరిగ్గా ఇదే. చెంబు చేతిలోకి తీసుకుని బరువు చూస్తారు. మెడ దగ్గర వేళ్ళు బిగించి పట్టు చూస్తారు. గోటితో మీటి మోత వింటారు. లోపలికి చెయ్యి పెట్టి చూస్తారు. అప్పుడు ధర అడిగి, వాడు చెప్పినదాంట్లో సగానికి అడుగుతారు. ఆ అనుభవాన్నంతా ఈమ్స్ దంపతులు ప్రశ్నల రూపంలో కాగితం మీదికి ఎక్కించారంతే. కాగితానికెక్కింది గనక దాన్ని డిజైన్ శాస్త్రం అంటున్నాం.

అయినా వాళ్ళని మెచ్చుకోక తప్పదు. చెంబుని అద్దాల బీరువాలో పెట్టి "ఆహా ఏమి ఒంపు" అని మురిసిపోలేదు వాళ్ళు. నీళ్ళు మోసే నడుముని వదిలిపెట్టలేదు, తోమే చేతిని వదిలిపెట్టలేదు. ఇంత అందం ఏ ఒక్కరి బుర్రలోనో పుట్టలేదు, తరతరాలవాళ్ళు తలా ఇంత దిద్దుకుంటూ వస్తే వచ్చింది అన్నారు. ఇంగ్లీషులో ఆ చోట వాళ్ళు వాడిన మాటకి మనుషులనీ అర్థమే, మగవాళ్ళనీ అర్థమే. అందులో ఆడవాళ్ళు కలుస్తారో లేదో వాళ్ళకే తెలియాలి. ఆ ప్రశ్నల్లో మటుకు నాకు రే ఈమ్స్ గొంతే ఎక్కువగా వినపడుతుంది. ఆవిడ స్వయంగా చిత్రకారిణి. ఐనా ఇద్దరూ కలిసి చేసిన పని ఘనతంతా చాలాకాలంపాటు లోకం భర్త ఖాతాలోనే జమకట్టింది. చార్లెస్ 1978 ఆగస్టు 21న పోయారు. సరిగ్గా పదేళ్ళకి, 1988లో అదే తేదీన ఆవిడ పోయారు. ఇప్పుడు మ్యూజియాల్లో ఇద్దరి పేర్లూ కలిపి రాస్తున్నారు. ఆలస్యంగానైనా న్యాయం జరిగింది.

చెంబు పోయి ప్లాస్టిక్ మగ్గు వచ్చిందని చాలామంది వాపోతుంటారు. వాపోయేముందు ఆ ప్రశ్నలనే మగ్గుని కూడా అడగండి. తేలికా? తేలికే. కీళ్ళనొప్పులున్న ముసలావిడకి ఇత్తడి చెంబుకన్న అదే నయం. కాలదు, కిందపడితే సొట్టపోదు. ఇవన్నీ మార్కులే. మరి లోపల పట్టిన పాచి వదులుతుందా? పాతబడితే తూకానికి ఏమైనా వస్తుందా? కళ్ళు మూసుకుని తాకితే ఏమనిపిస్తుంది? ఇక్కడ మార్కులు తగ్గిపోతాయి. ఇలా లెక్క వేసుకోవడం నేర్పింది గనకనే ఆ నివేదికని ఇన్నేళ్ళ తర్వాత కూడా డిజైన్ చదివే పిల్లలు చదువుతున్నారు. వట్టి పొగడ్తే అయ్యుంటే ఎవరూ గుర్తుపెట్టుకోరు.

* * *

రెండోది గోడ. ఇక్కడ ఫోటో వస్తుంది.

1934 జనవరిలో బీహారులో ఘోరమైన భూకంపం వచ్చింది. మధుబని ప్రాంతంలో ఇళ్ళు కూలిపోయాయి. నష్టం చూడటానికి ఆర్చర్ అనే ఇంగ్లీషు అధికారి ఊళ్ళు తిరిగాడు. పగిలిన గోడల సందుల్లోంచి ఆయనకి లోపలి గదులు కనపడ్డాయి. పరాయి మగవాడు ఎన్నడూ అడుగుపెట్టని గదులవి. కొత్త దంపతుల కోసం అలంకరించే గదిని అక్కడివాళ్ళు కోహ్‌బర్ ఘర్ అంటారు. దాని గోడలనిండా తామరలు, వెదుళ్ళు, చేపలు, చిలకలు, దేవుళ్ళు. వేసింది ఆ ఇళ్ళ ఆడవాళ్ళు. తల్లి కూతురికి, అత్త కోడలికి నేర్పుకుంటూ వచ్చిన పని అది. అవి చూస్తే ఆయనకి యూరప్‌లోని ఆధునిక చిత్రకారులు క్లే, మీరో గుర్తొచ్చారట. తర్వాత కొన్నేళ్ళకి ఆ గోడల్ని ఫోటోలు తీశాడు. 1949లో మార్గ్ పత్రికలో వాటి గురించి వ్యాసం రాశాడు. బయటి లోకానికి మిథిల గోడలు కనపడటం అలా మొదలైంది.

కూలిన గోడలోంచి కళ కనపడటం కథలా బాగానే ఉంది. కాని ఒక్కసారి ఆ ఇంటి ఇల్లాలి వైపునుంచి ఆలోచించండి. గోడ కూలింది, ఇల్లు పోయింది, తను వేసిన బొమ్మ వీధిన పడింది. ఆ బొమ్మ ఫోటోలోకి ఎక్కి సీమకి వెళ్ళింది. ఆవిడ పేరు మాత్రం ఊరి పొలిమేర దాటలేదు. ఫోటో చేసిన మేలు ఎంత పెద్దదో, అందులో లోటూ అంత పెద్దది. ఆ ఫోటోలు గోడని పట్టుకున్నాయి, చేతిని జారవిడిచాయి.

ఆ లోటు పూడటానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది. అదీ ఒక కష్టకాలంలోనే. 1966–67లో బీహారులో కరువు వచ్చింది. ఆలిండియా హాండీక్రాఫ్ట్స్ బోర్డు తరఫున పుపుల్ జయకర్ చొరవ తీసుకుని భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుణ్ణి కాగితాలిచ్చి మధుబని పంపారు. గోడమీద వేసేదే కాగితం మీద వెయ్యండి, కొనుక్కుంటాం అన్నారు. కూటికోసం మొదలుపెట్టిన ఆ పని వల్ల ఒక విచిత్రం జరిగింది. గోడకి సంతకం ఉండదు. అమ్ముడుపోయే కాగితానికి కావాలి. అలా ఆడవాళ్ళ పేర్లు బయటికొచ్చాయి. 1975లో జగదంబాదేవికి, 1981లో సీతాదేవికి, 1984లో గంగాదేవికి పద్మశ్రీలు వచ్చాయి.

వీళ్ళలో గంగాదేవి గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. పెళ్ళి గది గోడమీద తామరలు గీయడానికి నేర్చుకున్న సన్నటి గీతతోనే ఆవిడ అమెరికా వెళ్ళినప్పుడు చూసిన రోలర్ కోస్టర్ని గీసింది. తర్వాత తనకి క్యాన్సర్ వచ్చి ఢిల్లీ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ రోజుల్నీ ఆ గీతతోనే గీసింది. శుభానికి తప్ప వెయ్యని గీతని చావుకి ఎదురుగా నిలబెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. జీవితం చివరి రోజుల్లో ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలో ఒక గదిని కోహ్‌బర్ ఘర్‌గా మార్చి గోడలన్నీ చిత్రించింది. 1991లో కన్నుమూసింది. 2015 ప్రాంతంలో మ్యూజియాన్ని బాగుచెయ్యడంలో ఆ గోడలు కాస్తా పోయాయి! ఇప్పుడు ఆ గదిని చూడాలంటే ఫోటోల్లోనే చూసుకోవాలి.

ఏటా సున్నం వేసేటప్పుడు ఊళ్ళో గోడ బొమ్మలు పోవడం లేదా, దీనికింత బాధెందుకు అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్నే. మన వాకిట్లో తెల్లవారుజామున వేసిన ముగ్గు పదిగంటలకల్లా సైకిళ్ళకిందా స్కూటర్లకిందా పడి చెదిరిపోతుంది. ఎవరైనా ఏడుస్తారా? ఏడవరు. వేసే చెయ్యి ఇంట్లోనే ఉంది, రేపు మళ్ళీ వేస్తుంది. చెయ్యి ఉన్నంతకాలం చెరగడం నష్టం కాదు. గంగాదేవి చెయ్యి పోయింది. అంచేత ఆ గోడ పోవడం పూడని నష్టం. మ్యూజియం ఉండేది ఆ తేడా తెలుసుకోవడానికే.

ఇదే పనిని ఇంకోరకంగా చేసిన వారు బరోడాకి చెందిన జ్యోతిభట్. ఆయన చిత్రకారుడు. 1960ల చివరనుంచి కెమెరా పట్టుకుని గుజరాత్, రాజస్థాన్ మొదలైన చోట్ల పల్లెటూళ్ళు తిరిగి ఆడవాళ్ళు గోడలమీదా నేలమీదా వేసే బొమ్మల్ని ఏళ్ళ తరబడి ఫోటోలు తీశారు. ఆయనకి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఫోటోల్లో నాకు నచ్చిన సంగతేమిటంటే, గోడని ఇంట్లోంచి విడదీసి చూపించరు. చాలావాటిలో గోడ పక్కనే మనిషి ఉంటుంది, గడప ఉంటుంది, మేక ఉంటుంది, నులకమంచం ఉంటుంది. బొమ్మ ఎక్కడ ఉందో, ఎవరి మధ్య ఉందో తెలుస్తుంది.

ఈ రోజుల్లో సంక్రాంతి వచ్చిందంటే అందరి చేతుల్లోనూ ఫోన్లే, అందరివీ ఫోటోలే. మేడమీంచి వంగి, ముగ్గు నాలుగు మూలలూ సరిగ్గా పడేలా తీస్తారు. వేసిన అమ్మాయి అడ్డం వస్తే "కాస్త పక్కకి జరుగు" అంటారు. నన్నడిగితే జరగొద్దంటాను. మోచేతిదాకా పిండి అంటుకున్న ఆ చెయ్యి ఫోటోలో పడితే ముగ్గు అందం ఏమీ తరిగిపోదు.

* * *

ఇప్పుడు మూడోదైన ఇన్‌స్టలేషన్‌కి వద్దాం. ఇక్కడ ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటాయన సుబోధ్ గుప్తా. బీహారులోని ఖగౌల్‌లో 1964లో పుట్టారు. స్టీలు గిన్నెలు, పళ్ళేలు, కేరియర్లు, బకెట్లు ఆయన సరంజామా. 2006లో వందలకొద్దీ స్టీలు సామాన్లు కలిపి పెద్ద కపాలం చేశారు. దాని పేరు వెరీ హంగ్రీ గాడ్, అంటే నకనకలాడే ఆకలితో ఉన్న దేవుడు. 2007లో దాన్ని వెనిస్ నగరంలో పలాట్సో గ్రాసీ అనే భవనం ముందు, కాలవ ఒడ్డున నిలబెట్టారు. 2008లో ఆయన చేసిన లైన్ ఆఫ్ కంట్రోల్ ఇంకా పెద్దది. అణుబాంబు పేలితే లేచే పుట్టగొడుగు లాంటి పొగమేఘాన్ని గిన్నెలతో కట్టారు.

ఊహ గొప్పదే. గిన్నె అంటే అన్నం. అన్నం పెట్టాల్సిన గిన్నె చావు బొమ్మ అయింది. కడుపులు ఖాళీగా ఉంటే బాంబులు చేసుకుంటున్నాం అనే మాట ఎవరూ విడమర్చి చెప్పకుండానే తడుతుంది. స్టీలు ఆయనకి దొరకడం కూడా కాకతాళీయం కాదు. మన తరానికి స్టీలు వట్టి లోహం కాదు గదా! కళాయి పూసే బాధ వదిలించింది, చింతపండు పెట్టి తోమే బాధ వదిలించింది. పాత చీరలు మూటగట్టి, "ఈ జరీ అంచు చూడవయ్యా" అని వీధిలో బేరమాడి స్టీలు బేసిన్ సంపాదించిన రోజున ఇల్లాలి మొహంలో వెలుగు ఆ బేసిన్ తళుకుకి తీసిపోదు. సామాన్లవాడి దగ్గర కూర్చుని చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకుంటే గాని తృప్తి ఉండేది కాదు.

సరిగ్గా ఇక్కడే నాకు అసంతృప్తి. ఆ కపాలాన్ని దూరంనుంచి చూస్తే మెరుపు. దగ్గరికి వెళితే "అరె, గిన్నెలే!" అని ఆశ్చర్యం. ఆ తర్వాత? తర్వాత ఏమీ లేదు. గిన్నె ఇటుకరాయి అయిపోయింది. ఇది ఎవరింటి గిన్నె, ఇందులో ఏం వండారు, ఎవరు తోమారు అని అడగాలనిపించదు. తళతళలాడే స్టీలులో మన మొహమే మనకి కనపడుతుంది, ఇంకొకరి చెయ్యి కనపడదు. పరిమాణం పెంచితే బలం పెరుగుతుందనుకోవడం శిల్పులకి ఎప్పటినుంచో ఉన్న బలహీనత.

ఆయనకి ఈ సంగతి తెలియదని కాదు. 1997లో పేడ పిడకలతో గుండ్రంగా గూడు కట్టి, మై మదర్ అండ్ మి అని, అంటే అమ్మా నేనూ అని పేరు పెట్టారు. మెరుపు మచ్చుకైనా లేని పని. పిడకమీద అయిదు వేళ్ళ గుర్తుండటం మనందరికీ తెలిసిందే. ఆ వేళ్ళ గుర్తులో ఉన్న తల్లి ఆ కపాలంలో లేదు. తర్వాత 2016లో కుకింగ్ ద వరల్డ్ అని ఇంకొకటి చేశారు. వాడి వాడి సొట్టలుపడ్డ పాత గిన్నెల్ని దారాలతో వేలాడదీసి గుడిసెలా కట్టారు. 2017లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో దాన్ని చూపించినప్పుడు ఆ గుడిసెలోనే స్వయంగా వంటచేసి వచ్చినవాళ్ళకి వడ్డించారు. సొట్ట అంటేనే చెయ్యి పడ్డ గుర్తు. అంచేత నా దృష్టిలో ఇది కపాలానికన్న ఎన్నోరెట్లు మేలైనది. కళాకారుడు ఒకరోజు వండి వడ్డిస్తే కళ అని లోకమంతా వెళ్ళి చూసింది. మనం రెండుపూటలా వండి వడ్డిస్తే "ఉప్పెక్కువైంది" అంటారు. ఇందులో ఆయన తప్పేమీ లేదనుకోండి, లోకం తీరు అలా ఉంది.

రెండో ఆవిడ షీలా గౌడ. మన పొరుగువారే. కర్ణాటకలోని భద్రావతిలో 1957లో పుట్టారు, బెంగుళూరులో ఉంటారు. మొదట తైలవర్ణ చిత్రాలు వేసేవారు. 1992లో అయోధ్య సంఘటన తర్వాత దేశంలో జరిగిన అల్లర్లు ఆవిణ్ణి కలవరపెట్టాయి. ఆ హింసని చెప్పడానికి గుడ్డమీద రంగు చాలదనిపించి పేడని పట్టుకున్నారు. కళ్ళాపి చల్లి, అలికి, పిడక కొట్టే ఆడవాళ్ళ రోజువారీ పనిలోంచి తెచ్చుకున్న వస్తువది. పవిత్రమనీ అనిపించుకుంటుంది, అసహ్యమనీ అనిపించుకుంటుంది.

1998లో ఆవిడ చేసిన దాని పేరు అండ్ టెల్ హిమ్ ఆఫ్ మై పెయిన్. నా బాధ అతనికి చెప్పు అని అర్థం. అందులో ఉన్నది సూదులు, దారం, కుంకుమ, జిగురు. అంతే. పొడుగాటి దారాన్ని సూది బెజ్జంలోంచి సగందాకా లాగి రెండుపేటలు చేశారు. అలాంటివి ఎన్నో కలిపి తాడుగా చేసి, కుంకుమ కలిపిన జిగురు పూశారు. ఎర్రటి ఆ తాళ్ళు గోడలమీదినుంచి వేలాడుతూ నేలమీద చుట్టలు చుట్టుకుని పడి ఉంటాయి. తాడు కొసన గుత్తిగా సూదులన్నీ అలాగే ఉంటాయి.

దీన్ని స్టీలు కపాలంతో పోల్చి చూడండి. అక్కడ దగ్గరికి వెళ్ళినకొద్దీ విషయం తగ్గింది. ఇక్కడ దగ్గరికి వెళ్ళినకొద్దీ పెరుగుతుంది. దూరంనుంచి నెత్తురు చారలా ఉంటుంది, పేగులా ఉంటుంది. ఇంకాస్త దగ్గరికొస్తే తాడు. ఇంకా దగ్గరికొస్తే ఒక్కొక్క దారం. ఆఖరికి సూదులు. సూదిలో దారం ఎక్కించడమంటే ఏమిటో మనకి తెలుసు. కొస తడి చేసుకుని, ఒక కన్ను మూసుకుని, గుచ్చితే ఒకసారి తప్పిపోతుంది, రెండోసారీ తప్పిపోతుంది. ఒక్క సూదికే అంత ఓపిక కావాలి. బొత్తాం కుట్టినా, చీరకి ఫాల్ కుట్టినా ఆ ఓపికని లెక్కవేసే వాళ్ళెవరూ ఉండరు. ఈ కళాకారిణి ఆ లెక్కనే తాడుగా పేని చూపించింది. ఇక్కడ చెయ్యి కనపడక్కర్లేదు, ప్రతి పోగులోనూ ఉంది.

కుంకుమ సంగతి మరీను. విదేశాల్లో చూసేవాళ్ళకి అది ఇండియాలో పూజకి వాడే ఒక ఎర్రరంగు. మనకి అంతేనా? పేరంటంలో ఎవరికి ముందు పెట్టాలో, ఎవరికి పెట్టకూడదో, భర్త పోయిన నాడు ఎవరి నుదుటినుంచి ఎవరు చెరిపేస్తారో, అదంతా ఆ ఎరుపులో ఉంది. షీలా గౌడ ఈ మాటలేవీ రాసి పెట్టలేదు. రాయకపోవడమే మంచిదయింది. మన దుఃఖం మనం తెచ్చి అందులో పోసుకోవడానికి చోటు వదిలింది.

లోపం లేదని అనను. గోడ పక్కన అంటించిన వివరం చదవకుండా వెళితే, ఎవరో తాళ్ళు పడేసి వెళ్ళారనుకుని దాటిపోయేవాళ్ళు ఉండొచ్చు. స్టీలు కపాలానికి ఆ ప్రమాదం లేదు, చంటిపిల్లాడైనా ఆగి చూస్తాడు. పిలిచి ఆపే శక్తి దానిది. ఆగినవాళ్ళని కదలనివ్వని శక్తి దీనిది. రెండూ ఒకేచోట దొరకడం అరుదు.

ఆవిడే 2009లో వెనిస్ బినాలేలో పెట్టిన బిహోల్డ్‌లో ఆ రెండూ దొరికాయనిపిస్తుంది. మనుషుల తలవెంట్రుకలతో పేనిన తాడు, సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవు. ఆ తాళ్ళకి కార్ల ముందు ఉండే ఇనప బంపర్లు వేలాడుతుంటాయి. బెంగుళూరు వైపు బండ్లకి దిష్టి తగలకుండా బంపర్లకి ఇలాంటి వెంట్రుకల తాళ్ళు కట్టడం చూసి ఆవిడకి ఈ ఆలోచన వచ్చింది. గుళ్ళో మొక్కు చెల్లించిన తలనీలాల్లో పొడుగువి విగ్గులకి వెళతాయి, పొట్టివి ఇలా తాళ్ళవుతాయి.

ఈ పని ముందు తెలుగువాళ్ళు ఎవరూ పరాయివాళ్ళు కారు. తిరుమలలో తలనీలాలు ఇవ్వని ఇల్లు మనలో ఎక్కడో గాని ఉండదు. దేవస్థానం వాటిని వేలం వేస్తుందనీ తెలుసు. ఆడదాని జుట్టు తలమీద ఉంటే అందం, అన్నంలో పడితే అపచారం, కొండమీద ఇస్తే మొక్కు, వేలంలో సరుకు. ఇన్ని వేషాలు వేసిన వెంట్రుక ఇక్కడికొచ్చి ఇనప బంపర్ని మోస్తోంది. ఎంత బలహీనమైనదో అనుకున్నది ఎంత బరువు మోస్తోందో చూడమన్నట్టుంటుంది. బరువు మోసేవాళ్ళ గురించి ఇంతకన్న క్లుప్తంగా చెప్పిన మాట ఇంకోటి నాకు తెలీదు.

* * *

ఈ కళాకారులందరినీ ఒక వరసలో పెట్టి చూస్తే తేలేదేమిటంటే, మామూలు వస్తువుని మ్యూజియంలో పెట్టినంత మాత్రాన అది గొప్పదైపోదు. పెద్దది చేసినా కాదు, తళతళలాడించినా కాదు. ఆ వస్తువు వెనక ఉన్న పనిని కూడా దానితోబాటు మొయ్యగలగాలి. చెంబు గురించి వేసిన ప్రశ్నలు మోశాయి. గంగాదేవి గీత మోసింది. సూదీ దారం మోశాయి. వెంట్రుకల తాడు అక్షరాలా మోసింది. ఈసారి మీ ఊళ్ళో ఏదైనా ప్రదర్శన పెడితే, మనకేం అర్థమవుతుందిలే అని వెనకాడకండి. వస్తువుల గురించి మనకన్న ఎక్కువ తెలిసినవాళ్ళు అక్కడికి రారు. ఈ పని చేసిన చెయ్యి ఎక్కడ అని ధైర్యంగా వెతకండి. దొరికితే కాసేపు నిలబడండి.

ఇంకొక్క మాట. ఎక్కడో మిథిలలో ఆడవాళ్ళ పేర్లు బయటికి రావడానికి భూకంపమూ కరువూ రావలసి వచ్చాయనీ, రే ఈమ్స్ ఘనత మొగుడి ఖాతాలో పడిందనీ చదివి అయ్యో అనుకున్నాం గదా. తీరిక దొరికినప్పుడు మీ వంటింట్లో స్టీలు సామాన్లు తిరగేసి, వాటిమీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లు చదవండి. తోమితోమి కొంచెం అరిగి ఉంటాయి గాని చదవొచ్చు. చాలా ఇళ్ళల్లో అవి ఇంటాయన పొడి అక్షరాలు.